ద్రాక్షలోయకు నీళ్ల డబ్బాతో

కర్దనూరు మొగులయ్య ఎవరింట్లోనూ మంచినీళ్లు ముట్టడు. కొత్తవాళ్లు చూసి, పెద్దాయనకు మడి కాబోలు అనుకుంటారు. మడీ లేదు, మన్నూ లేదు. ఉన్నదంతా అనుమానం. ఎక్కడికి బయల్దేరినా ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి వెంట ఉంటుంది. దాని పిడికి తాడు కట్టి, ఆ తాడు కొసను మణికట్టుకు చుట్టుకుంటాడు. మా ఇంటికి ముప్పై ఏళ్లుగా వస్తున్నాడు. మా ఆవిడ కమలాకుమారి ఇచ్చే టీ తాగుతాడు, టీ మరిగి వస్తుంది కాబట్టి. నీళ్లిస్తే మాత్రం గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసి, వాసన చూసి, "ఇప్పుడు దూప లేదమ్మా" అని దాహం లేనట్టు కింద పెట్టేస్తాడు. ఆ తర్వాత మా వరండాలోనే కూర్చుని, మా కళ్లముందే, తన డబ్బా ఎత్తి గటగటా తాగుతాడు. మొదట్లో కమలకు ఒళ్లు మండేది. ఇప్పుడు అలవాటైపోయింది.

నా పేరు భీమశంకరం. తణుకు వైపు నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక భానూరు దగ్గర ఇల్లు కట్టుకుని ఉండిపోయినవాణ్ణి. మొగులయ్యతో నా పరిచయం ద్రాక్షపళ్లతో మొదలైంది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. రాతి కడీలు పాతి, వాటి మీద ఇనుప తీగలు అల్లి పందిళ్లు వేసేవారు. వాటి కింద వంగి నడుస్తుంటే గుత్తులు నెత్తికి తగిలేవి. మొగులయ్య గంపకెత్తి సైకిలు మీద మా క్వార్టర్ల గేటు దగ్గరికి తెచ్చి అమ్మేవాడు. మొదటిరోజు నేను రుచికి ఒక పండు నోట్లో వేసుకుంటే, తూచిన గుత్తిలోంచి ఒక పండు తెంపి వెనక్కి తీసుకున్నాడు. అదేమిటయ్యా అంటే, "రుచి సూస్తనని శెప్పి సగం గుత్తి మింగినోళ్లను సూసిన సారూ" అన్నాడు. అలా మొదలైంది మా స్నేహం. ఇన్నేళ్లలో ఆయన నన్ను అనుమానించని నెల ఒక్కటీ లేదు.

తోట పోయాక ఒక కంపెనీ గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. దేవుడు మనిషిని చూసి మరీ ఉద్యోగం ఇచ్చాడనుకున్నాం. షిఫ్టు దిగి బయటికి వెళ్లే పనివాళ్ల టిఫిన్ డబ్బాలన్నీ విప్పించి చూసేవాడు. 'ఖోలో, ఖోలో' అని ఆయన అరిచే అరుపుకు ఒడిశా కుర్రాళ్లు 'ఖోల్ బాబా' అని పేరు పెట్టారు. ఒకసారి మేనేజరు కారు డిక్కీ కూడా తెరిపించాడు. ఆయన మంచివాడు, నవ్వి వెళ్లిపోయాడు. ఎందుకు నవ్వాడా అని మొగులయ్య చాలా రోజులు ఆలోచించాడు.

నవ్వుకోవడానికి ఇదంతా బాగానే ఉంటుంది. కానీ ఈ అనుమానం ఒక కుటుంబాన్ని నిలువునా చీల్చింది. అది చెప్పకుండా నవ్వితే నాకే పాపం తగులుతుంది.

మొగులయ్యకు ఒక్కడే తమ్ముడు, నాగయ్య. అన్నదమ్ములిద్దరూ అక్కాచెల్లెళ్లనే చేసుకున్నారు. పెద్దది నర్సింహమ్మ మొగులయ్యకు, చిన్నది అన్నపూర్ణ నాగయ్యకు. తోట చెరి సగం, బావి మాత్రం ఉమ్మడి. చుట్టూ కంపెనీలు లేస్తున్న రోజులవి. ఒకనాడు నాగయ్య వచ్చి, "అన్నా, బాయినీళ్లు మారినయే. తోటకు పెట్టకు, పెడితే చెట్లు దక్కయి" అన్నాడట. ఆ తర్వాత కొన్నాళ్లకే తన సగాన్ని ప్లాట్లు చేసేవాళ్లకు అమ్మేసి, ఇస్నాపూర్‌లో పనివాళ్లకు కిరాయికిచ్చే గదులు కట్టుకున్నాడు. దాంతో మొగులయ్య బుర్రలో చక్రం తిరిగింది. నీళ్లు పెట్టకపోతే తోట ఎండాలి, ఎండితే తనూ అదే ప్లాట్లవాడికి అమ్ముకోవాలి, అదీ తమ్ముడి ఎత్తు అనుకున్నాడు. పంతానికి పోయి, కరెంటు ఉన్నంతసేపూ మోటారు నడిపాడు. ఆకుల అంచులు మాడడం మొదలైతే ఇంకా ఎక్కువ నడిపాడు. రెండు పంటలు తిరిగేసరికి తోట మొత్తం పోయింది. కడీలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి, తుమ్మచెట్ల మధ్య.

తమ్ముడే బావిలో గడ్డిమందు కలిపాడని మొగులయ్య ఊరి పెద్దల ముందు పంచాయితీ పెట్టాడు. నాగయ్య ఏమీ వాదించలేదు. ఆ బావినీళ్లే నెత్తిన గుమ్మరించుకుని, తడిబట్టలతో పోచమ్మ గుడి ముందు నిలబడి, తాను పోయలేదని ప్రమాణం చేశాడు. తడిబట్టల ప్రమాణం అయ్యాక ఆ ఊళ్లో ఇంకెవరూ నోరెత్తరు. మొగులయ్య ఎత్తాడు. "బట్టలు తడిస్తే మాట నిజమైతదా" అన్నాడు. ఆ మాట విన్నాక నాగయ్య అన్న ముఖం కూడా చూడకుండా వెళ్లిపోయాడు. మాటలు అక్కడితో ఆగిపోయాయి. మొగులయ్య చేతికి నీళ్ల డబ్బా వచ్చింది కూడా అప్పుడే. సొంత తమ్ముడు బావిలో పోసినప్పుడు, పరాయివాళ్లు గ్లాసులో పోయరా అని ఆయన వాదన.

అక్కాచెల్లెళ్లు ఏం చేస్తారు పాపం. పటాన్‌చెరు అంగడిలో కూరగాయల వంకతో కలుసుకుని, సంచులు ఒళ్లో పెట్టుకుని కాసేపు మాట్లాడుకుని, ఎవరి ఆటో వాళ్లు ఎక్కేవారు. పావుకిలో వంకాయలకు ఇంతసేపా అని మొగులయ్యకు దానిమీద కూడా అనుమానమే. ఒకసారి వెనకాలే వెళ్లి ఉల్లిగడ్డల బస్తాల చాటున నిలబడ్డాడట. ఈ సంగతి నర్సింహమ్మ మా కమలకు చెప్పి నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

పోయిన దసరాకు నాగయ్యకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట ముద్దయింది. నర్సింహమ్మ మొగుణ్ణి బతిమాలుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఒక్కపారి పోయి సూసి రా. మనిషి పాణంతోని ఉన్నప్పుడే పోవాలె," అంది.

"చెయ్యి పడిపోయిందంటవు. ఎవరు సూసిండ్రు? నన్ను గడప తొక్కిచ్చేటందుకు ఆడుతున్న నాటకం గిది."

"నేను సూసిన. గీ రెండు కండ్లతోని."

"నీ కండ్లు నీ చెల్లె దిక్కున్నయి," అన్నాడు మొగులయ్య.

ఆ మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంకొక్క నిమిషం కూర్చుంటే ఏమంటానో నాకే తెలియక లేచి వచ్చేశాను.

మా అబ్బాయి పవన్‌కుమార్ సీసాల మూతలు చేసే కంపెనీలో పని చేస్తాడు. వాళ్ల దగ్గర మూతలు కొనే వైన్ కంపెనీ ఒకటి నాసిక్ అవతల ఉంది. కొండల నడుమ లోయ, లోయ నిండా ద్రాక్షతోటలు, అక్కడే గెస్టుహౌసు. జనవరిలో కోతలు చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారట. నువ్వూ అమ్మా వెళ్లి రండి, నేను మాట్లాడతాను అన్నాడు పవన్. కమలకు వైన్ అంటే తెలిసింది ఒక్కటే, ఇస్నాపూర్ చౌరస్తాలో సాయంత్రమైతే జనం ఎగబడే వైన్స్ దుకాణం. "అది చూడ్డానికి నాసిక్ దాకా ఎందుకండీ, పాలకు వెళ్తూ రోజూ చూస్తూనే ఉన్నానుగా" అంది. మోకాళ్ల నొప్పులని కూడా అంది. అప్పుడు నేను మొగులయ్యను అడిగాను. ద్రాక్ష పండించిన చేతులు కదా, మళ్లీ ఒక తోట చూస్తే మనసు కాస్త మెత్తబడి తమ్ముడి గడప తొక్కుతాడేమోనని నా ఆశ. పైకి చెప్పలేదు. చెబితే బస్సెక్కేవాడే కాదు.

"ఉండేటందుకు ఎవరు పైసలిస్తుండ్రు?" అన్నాడు మొదటే.

"ఎవరూ ఇవ్వక్కర్లేదు. మా వాడి మీద మర్యాదతో ఉండనిస్తున్నారు."

"మర్యాదతోని," అని తలూపాడు. "మా దిక్కు గూడ గట్లనే షురువైంది సారూ. ఫామ్‌హౌజ్‌కు రమ్మంటరు. యాటకూర పెడ్తరు. సీసా మూత తీస్తరు. తెల్లారి లేసి సూస్తే భూమి ఉండది."

అందులో అబద్ధం లేదు. ఈ చుట్టుపక్కల అలా మాంసంతో దావత్ తిని, మత్తులో వేలిముద్ర వేసి, తెల్లారాక నెత్తి కొట్టుకున్నవాళ్లు నాకూ తెలుసు. అయినా ఆయన వస్తానన్నాడు. రావడానికి కారణం తోట మీద ప్రేమా, నన్నొక్కణ్ణీ పంపితే నా ఇల్లు నేను రాసిచ్చేసి వస్తానన్న దిగులా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను. ప్రయాణం రోజున పటాన్‌చెరు బస్టాపుకు డబ్బాతో వచ్చాడు. ఎడమచేతి బొటనవేలికి పాత పంచె గుడ్డ చుట్టి కట్టు కట్టి ఉంది.

"తెగిందా?" అని అడిగాను.

"తెగలే. ఉండనీ," అన్నాడు.

ఆయన సంతకం వేలిముద్రేనని కాసేపటికి గుర్తొచ్చి, నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగి దగ్గాను.

షిర్డీ బస్సులో వెళ్లి, అక్కడ బస్సు మారి నాసిక్ చేరాం. వైన్ కంపెనీ జీపు మమ్మల్ని ఎక్కించుకుంది. ఊరు దాటాక రోడ్డు ఒక మిట్ట ఎక్కి దిగింది, దిగుతూనే లోయ మొత్తం కనబడింది. చుట్టూ నెత్తి చదునుగా ఉన్న నల్లకొండలు, నడుమ ఆనకట్ట నీళ్లు, ఆ నీళ్ల ఒడ్డు నుంచి కొండల కాళ్ల దాకా దువ్వినట్టు వరసలు వరసలుగా ద్రాక్ష. నేను అరవై ఏడేళ్లకు అంత అందమైన చోటు చూశాను. పక్కకు చూస్తే మొగులయ్య కళ్లు చికిలించి వరసల్నే చూస్తున్నాడు.

"పందిరి లేదు," అన్నాడు చివరికి. "బట్టలు ఆరేసినట్టు తీగల మీద ఆరేసిండ్రు. గిదేం తోట."

గెస్టుహౌసులో అడుగుపెట్టగానే అక్కడి అమ్మాయి పుస్తకం ముందుకు తోసి, పేర్లు రాసి సంతకం పెట్టమంది. మొగులయ్య కట్టుకట్టిన వేలు పైకెత్తి చూపించాడు. ఆ అమ్మాయి జాలిగా చూసి, పర్వాలేదు అంకుల్ అని ఆ గడి వదిలేసింది. ఆయన నా చెవి దగ్గరికి వచ్చి, "సూసినవా, వచ్చీరాంగనే వేలు అడిగింది" అన్నాడు. పుణె నుంచి, ముంబై నుంచి వచ్చిన జంటలు తోటల్లో ఫోటోలు దిగుతుంటే, వాళ్లంతా కంపెనీ మనుషులేనని, మనకు చూపించడానికే అలా తిప్పుతున్నారని చెప్పాడు. ద్రాక్షపండు ఒకటి తెంపి నోట్లో వేసుకుని వెంటనే ఊశాడు. గోళీకాయంత కూడా లేదు, నల్లటి తోలు, లోపలంతా గింజలు. "గిది మా దగ్గరైతే మ్యాకలకు ఏస్తరు. గీ పండ్లతోని గింత పెద్ద బిల్డింగు ఎట్ల కట్టిండ్రు? ఇంకేదో దందా ఉన్నది సారూ," అన్నాడు. అవి తినే పళ్లు కావని, వైన్‌కు అలాంటివే కావాలని చెప్పి చూశాను. నీకెట్లా తెలుసన్నాడు. పవన్ చెప్పాడన్నాను. "పవన్‌కు ఎవరు శెప్పిండ్రు?" అన్నాడు.

సాయంత్రం పెద్ద అద్దాల గదిలో కూర్చోబెట్టి వైన్ రుచి చూపించారు. అద్దాల అవతల నీళ్లు, కొండలు, దిగిపోతున్న సూర్యుడు. వడ్డించే అమ్మాయి ఒక్కో సీసా మూత తీసి, ముందు తన గ్లాసులో కొంచెం పోసుకుని, ఒక గుక్క తాగి, ఆ తర్వాతే మాకు పోస్తోంది. మొగులయ్య అదంతా రెప్ప వేయకుండా చూశాడు. చివరికి ఉండబట్టలేక తన హిందీలో అడిగాడు, నువ్వెందుకు ముందు తాగుతున్నావని.

"సీసా చెడిపోయి ఉంటే అది నా నోట్లోనే తెలియాలి అంకుల్. అతిథి నోట్లో కాదు," అంది ఆ అమ్మాయి హిందీలోనే.

మొగులయ్య ఆమె తాగిన గ్లాసు వైపు, సీసా వైపు మార్చి మార్చి చూశాడు. "మంచి పద్ధతి," అన్నాడు తర్వాత. పరాయివాళ్ల పనిని ఆయన మెచ్చుకోగా నేను వినడం అదే మొదలు. మెచ్చుకున్నాడు గాని తాగలేదు. గ్లాసు వెలుతురుకు పట్టి చూసి, వాసన చూసి, దూప లేదని కింద పెట్టాడు. నేను రెండో గ్లాసుకు చేయి చాపితే మణికట్టు పట్టుకున్నాడు. "చాలు సారూ. నీకు గూడ ఇల్లున్నది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తోట చూపించడానికి మేస్త్రీ వచ్చాడు. తెల్లటోపీ పెట్టుకున్న ముసలి మరాఠా రైతు. హిందీ ఆయనదీ అంతంతమాత్రమే కాబట్టి ఇద్దరికీ బాగా కుదిరింది. మొగులయ్య ప్రతి వరస దగ్గరా ఆగి, ఇదెందుకు, అదెందుకు అని గేటు దగ్గర అడిగినట్టే అడిగాడు. మేస్త్రీ ఓపిగ్గా చెప్పాడు. అలా నడిచి నడిచి కొండ కింద చివరి మడి దగ్గరికి వచ్చాం. అక్కడ మొగులయ్య ఆగిపోయాడు.

ఆ మడిలో చెట్ల మొదళ్లలో ఉన్న ముదురాకుల అంచులు మాడి ఉన్నాయి. నిప్పుతో గీసినట్టు అంచుచుట్టూ ఎరుపు, నడుమ పచ్చదనం. మొగులయ్య ఒక ఆకును చేత్తో పట్టుకుని చూశాడు. దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

"ఎవరు పోసిండ్రు?" అన్నాడు తెలుగులోనే. తర్వాత హిందీలో, "కిస్నే డాలా?"

మేస్త్రీకి అర్థం కాలేదు. ఎవరు పోస్తారు, ఏం పోస్తారు అన్నాడు. గడ్డిమందు అన్నాడు మొగులయ్య. మేస్త్రీ నవ్వి తల అడ్డంగా ఊపాడు. గడ్డిమందు పడితే ముందు లేతకొస చెడుతుంది, కొత్త ఆకు ముడుచుకుపోతుంది. ఇది ఉప్పు. ఈ మడికి అదిగో ఆ బోరునీళ్లు పెట్టేవాళ్లం, నీళ్లు మారిపోయాయి. ఉప్పు ముదురాకుల్లో చేరి అంచు నుంచి లోపలికి కాలుస్తుంది. పోయిన ఏడు బోరు ఆపి ఆనకట్ట నీళ్లు తెచ్చాం, ఇక చెట్లు నిలబడతాయి అని చెప్పాడు.

"మాడిందని ఇంకా నీళ్లు పెడితే?" అని అడిగాడు మొగులయ్య.

"పెట్టినకొద్దీ తొందరగా చస్తుంది. ఉప్పు వచ్చేదే నీళ్లతో కదా," అన్నాడు మేస్త్రీ.

మొగులయ్య బొటనవేలి గుడ్డ విప్పేశాడు. ఆ వేలితో ఆకు అంచంతా తడిమి చూశాడు. అలాగే మట్టిలో చతికిలబడి, ఎంతసేపటికీ లేవలేదు.

గదికి వచ్చాక నా ఎదుట నిలబడ్డాడు. ముఖం నల్లబడిపోయి ఉంది.

"సారూ, నిజం శెప్పు. గా ముసలాయనతోని గా మాటలు నువ్వే శెప్పించినవా? నాగయ్య నీకు ఫోన్ చేసిండా?"

నాకు నెత్తురు తలకెక్కింది. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అరవని అరుపు అరిచాను. "అవునయ్యా! నేనే చెప్పించాను. బోరులో ఉప్పు నేనే పోశాను. నాలుగు వందల మైళ్ల అవతల తోట నాటించి, నీకోసమని ఆకులు మాడ్చాను. ఇంకా ఏం చేశానో చెప్పు, అదీ ఒప్పుకుంటాను. నీ తమ్ముడు అక్కడ కాలూ చేయీ పడిపోయి మంచంలో ఉంటే, నువ్వు ఇక్కడ కూడా సాక్షులను వెతుకుతున్నావు."

ఆయన బయటికి వెళ్లాడు. ఎంతకీ రాకపోతే భయం వేసి వెనకాలే వెళ్లాను. కొండ కింద ఆ బోరు దగ్గర ఉన్నాడు. ఆ నీళ్లతో ఇప్పుడు ట్రాక్టర్లు కడుగుతారట. మేస్త్రీని బతిమాలి మోటారు వేయించుకున్నాడు. ఎవరింట్లోనూ గ్లాసు నీళ్లు ముట్టని మనిషి, రెండు దోసిళ్లు పట్టి ఆ చెడ్డనీళ్లు నోట్లో పోసుకున్నాడు. పుక్కిట పట్టి కళ్లు మూసుకున్నాడు. ఉమ్మాడు. మళ్లీ పట్టాడు. నేను పక్కన నిలబడ్డాను.

"గిదే సారూ," అన్నాడు. "గిదే రుచి. మా బాయినీళ్లు గిట్లనే ఉండె. నేను మందు రుచి అనుకున్న."

తిరుగు బస్సు ఎక్కాం. మాడిన ఆకు ఒకటి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, మధ్యమధ్య తీసి చూసుకున్నాడు. నేను వేరే సంగతి ఆలోచిస్తున్నాను. వాళ్ల కర్దనూరు బావిలోకి ఆ ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏ కంపెనీ గోడ వెనక నుంచి, ఏ కాలువ గుండా? ఆ వైపు మొగులయ్య ఒక్కనాడూ అనుమానంగా చూడలేదు. అటువంటి కంపెనీ గేటు ముందే కూర్చుని, లోపల్నుంచి ఏం పోతోందోనని పనివాళ్ల టిఫిన్ డబ్బాలు విప్పి చూశాడు. ఈ మాట ఆయనతో అనలేదు. అనే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.

ఇంటికి చేరిన మర్నాడు పొద్దున్నే మా ఇంటికి వచ్చాడు. చేతికి డబ్బా ఉంది.

"ఇస్నాపూర్ దాక స్కూటర్ మీద దింపుతవా?" అన్నాడు.

"నర్సింహమ్మను కూడా ఆటోలో రమ్మందామా?"

"ముందుగాల నేను సూస్తా. నాటకమో కాదో తెల్వాలె గదా," అన్నాడు. మనిషి మారతాడని ఎవరన్నా చెబితే నేను నమ్మను.

నాగయ్య ఇల్లు ఇస్నాపూర్‌లో కిరాయి గదుల వరసకు ముందుంది. కొళాయి దగ్గర పనివాళ్లు బకెట్లతో నిలబడి ఉన్నారు. ముందుగదిలో నులకమంచం మీద నాగయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మమ్మల్ని గుమ్మంలో చూసి అన్నపూర్ణ, "బావా," అంది, చేటలో బియ్యం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నాగయ్య లేవబోయాడు. లేవలేకపోయాడు. మొగులయ్య గుమ్మంలోనే ఆగి, ఆ కుడిచేతిని, వంకరపోయిన మూతిని, గేటు దగ్గర చూసినట్టే చాలాసేపు చూశాడు. తర్వాత వెళ్లి మంచం అంచున కూర్చుని, జేబులోంచి ఆకు తీసి తమ్ముడి ముందు పెట్టాడు. అంచులు కొంత పొడి అయిపోయాయి.

నాగయ్య దాన్ని ఎడమచేత్తో తిప్పి చూశాడు. "మన... తోటదా?" అన్నాడు. ఒక్కో మాట బయటికి రావడానికి కష్టంగా ఉంది.

"కాదు. నాసిక్‌ది. ఉప్పునీళ్లకు మాడింది."

నాగయ్య ఆకును మళ్లీ మంచం మీద పెట్టాడు.

"నువ్వు శెప్పినవు," అన్నాడు మొగులయ్య. "పెట్టకుమని శెప్పినవు."

"శెప్పిన," అన్నాడు నాగయ్య. తిట్టినా బాగుండేదనిపించింది నాకు.

అన్నపూర్ణ చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లి, గ్లాసుతో నీళ్లు తెచ్చి నాకిచ్చింది. మొగులయ్యకు తేలేదు. ఆయన మణికట్టుకు డబ్బా తాడు కనబడుతూనే ఉంది, ఆయన సంగతి ఆమెకు తెలియంది కాదు. నేను తాగి గ్లాసు తిరిగి ఇస్తుంటే మొగులయ్య తలెత్తాడు.

"నాకు?" అన్నాడు.

అన్నపూర్ణ మొగుడి వైపు చూసింది. ఆమె లోపలికి వెళ్లి ఇత్తడి చెంబు నిండా నీళ్లు తెచ్చి బావ ముందు పట్టుకుంది.

మొగులయ్య చేయి చాపేలోగా, నాగయ్య ఎడమచేయి చాపి ఆ చెంబు తను తీసుకున్నాడు. చెంబు ఒరిగి కొన్ని నీళ్లు దుప్పటి మీద ఒలికాయి. ఎత్తి పోసుకునే శక్తి లేదు. చెంబు అంచును పెదాలకు ఆనించి ఒక గుక్క తాగాడు. మింగాడు. అప్పుడు అన్న ముందుకు జరిపాడు.

"ఇగ... తాగు," అన్నాడు.

ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. అన్న మనసులో తానేమిటో ఇన్నేళ్లుగా తెలిసినవాడు, అన్న నీళ్లు తాగాలంటే ఏం చేయాలో అది చేశాడు. అద్దాల గదిలో ఆ అమ్మాయి చేసినప్పుడు మంచి పద్ధతి అన్న మనిషి, సొంత తమ్ముడు చేస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేలకు చూశాడు.

"నువ్వు తాగకున్నా తాగుతుంటిరా," అన్నాడు.

అది నిజమో కాదో నాకు తెలియదు. ఆయనకూ తెలియదనుకుంటాను. తమ్ముడి ఎంగిలి చెంబును రెండు చేతులా పట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూడకుండా, వాసన చూడకుండా, అడుగంటా తాగాడు. తర్వాత చెంబు కింద పెట్టి, పడిపోయిన ఆ కుడిచేతిని తీసి తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.